భాగం – 9 : ప్రీఎక్లాంప్సియాలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• ప్రీఎక్లాంప్సియా అంటే ఏమిటో, అది జరాయువులో ఎలా మొదలవుతుందో వివరించగలుగుతారు.
• మైక్రో ఆర్‌ఎన్‌ఏల తయారీని, అవి పనిచేసే విధానాన్ని తెలుపగలుగుతారు.
• మిర్-210, మిర్-155, మిర్-517, మిర్-126ల పాత్రను పోల్చి చెప్పగలుగుతారు.
• ఒక అణువు స్థాయి పెరగడం వ్యాధికి కారణమా, ఫలితమా అనే ప్రశ్నను విమర్శనాత్మకంగా చర్చించగలుగుతారు.
• ఈ జ్ఞానం నేటి గర్భిణికి ఎంతవరకు ఉపయోగపడుతుందో అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

జన్యువులోని సమాచారం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా అనులేఖనం చెంది, ఆ తరవాత ప్రోటీన్‌గా అనువాదం చెందుతుందని గత భాగాల్లో తెలుసుకున్నారు. ఈ రెండు దశల నడుమ జరిగే నియంత్రణ ఒక తల్లి ప్రాణాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో ఈ భాగంలో చూద్దాం. ముందుగా ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం.

హైదరాబాదులోని మోతీనగర్‌లో 24 ఏళ్ల యువతి ఉందనుకోండి. సినిమా షూటింగుల కోసం కాస్ట్యూమ్ విభాగంలో కుట్టుపని చేస్తుంది. తొలిచూలు. ఏడో నెల నడుస్తోంది. కాళ్లు వాచాయి. రోజంతా నిలబడే పని కదా అనుకుంది. ముఖం కూడా ఉబ్బింది. ఇంట్లో పెద్దవాళ్లు "నీరు పట్టింది, ఉప్పు తగ్గించు" అన్నారు. రెండు రోజులుగా తలనొప్పి తగ్గకపోవడంతో ఆశా కార్యకర్త ఆమెను బస్తీ దవాఖానాకు తీసుకువెళ్లింది. అక్కడ రక్తపోటు 150/100 ఉంది. మూత్రంలో ప్రోటీన్ కనిపించింది. వెంటనే పెద్దాసుపత్రికి పంపారు. నాలుగు గంటల తరవాత చూసినా రక్తపోటు తగ్గలేదు. మూడో నెలలో చూసినప్పుడు మాత్రం ఆమె రక్తపోటు 110/70 మాత్రమే!

మరి ఈ వ్యాధి ఎప్పుడు మొదలైంది? తలనొప్పి వచ్చిన రోజునా? కాదు. రక్తపోటు సరిగ్గానే ఉన్న రోజుల్లో, అంటే గర్భం తొలి సగంలోనే దీనికి బీజం పడి ఉండవచ్చు. ఆ తొలి వారాల్లో జరాయువులో ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తోడ్పడుతున్నాయి. ఈ భాగంలోని ప్రధానాంశం ఇదే.

9.2 ప్రీఎక్లాంప్సియా – వ్యాధి స్వరూపం

గర్భం 20 వారాలు నిండిన తరవాత, అంతకుముందు మామూలుగా ఉన్న రక్తపోటు 140/90 మి.మీ. పాదరసం లేదా అంతకంటె ఎక్కువకు చేరి, కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు అలాగే కనిపించి, దానికి తోడు మూత్రంలో ప్రోటీన్ పోవడం గాని, కాలేయం, మూత్రపిండాలు, మెదడు, రక్తఫలకికలు వంటి వాటిలో లోపం గాని ఉంటే ఆ స్థితిని ప్రీఎక్లాంప్సియా అంటారు. రక్తపోటు 160/110కి చేరితే తీవ్ర స్థితిగా భావించి అత్యవసరంగా చికిత్స చేయాలి. ఫిట్స్ కూడా వస్తే అది ఎక్లాంప్సియా. మన పల్లెల్లో 'గుర్రపు వాతం' అని పిలిచేది దీన్నే.

ప్రపంచవ్యాప్తంగా ప్రతి 100 గర్భాలలో సుమారు 2 నుంచి 8 గర్భాలలో ప్రీఎక్లాంప్సియా కనిపిస్తుంది. 2018–20 నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు భారతదేశంలో 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మన రాష్ట్రాలు దేశ సగటు కంటె మెరుగ్గానే ఉన్నాయి. అయినా మిగిలిన ప్రసూతి మరణాలకు ప్రధాన కారణాలలో అధిక రక్తస్రావంతోపాటు గర్భకాల అధిక రక్తపోటు కూడా ఉంది.

9.2.1 రెండు దశల వ్యాధి

ఈ వ్యాధిని, ముఖ్యంగా నెలలు నిండకముందే వచ్చే రకాన్ని, రెండు దశలుగా అర్థం చేసుకోవచ్చు.

మొదటి దశ జరాయువులో జరుగుతుంది. జరాయువునే మనం వాడుకలో 'మావి' అంటాం. సాధారణ గర్భంలో జరాయువుకు చెందిన ట్రోఫోబ్లాస్ట్ కణాలు గర్భాశయ గోడలోకి చొచ్చుకుపోతాయి. అక్కడి మెలికలు తిరిగిన ధమనుల గోడలలో ఉండే కండరాన్ని తొలగించి, వాటిని వెడల్పు చేస్తాయి. ఫలితంగా రక్తం నెమ్మదిగా, ధారాళంగా శిశువు వైపు చేరుతుంది. చెరువు తూమును తలచుకోండి. తూము ఇరుకైతే రెండు నష్టాలు. పొలానికి సరిపడా నీరు అందదు. వచ్చే నీరు కూడా వేగంగా చిమ్మి గట్టును కోసేస్తుంది. ప్రీఎక్లాంప్సియాలో ధమనులు ఇలాగే ఇరుకుగా మిగిలిపోతాయి. జరాయువుకు ఆక్సిజన్ కొరత ఏర్పడుతుంది, దాని కణజాలం కూడా దెబ్బతింటుంది.

రెండో దశ తల్లి శరీరంలో జరుగుతుంది. ఒత్తిడికి లోనైన జరాయువు 'ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1' అనే ప్రోటీన్‌ను అధికంగా తల్లి రక్తంలోకి వదులుతుంది. రక్తనాళాల లోపొరను ఆరోగ్యంగా ఉంచే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే వృద్ధి కారకాలను ఇది పట్టి బంధిస్తుంది. వాటి ఆసరా పోగానే రక్తనాళాలు బిగుసుకుంటాయి, మూత్రపిండాల వడపోత దెబ్బతింటుంది. రక్తపోటు, మూత్రంలో ప్రోటీన్, వాపు వీటి ఫలితాలే. భారత సంతతికి చెందిన ఎస్. అనంత్ కరుమంచి బృందం బోస్టన్‌లో చేసిన పరిశోధన 2003లో ఈ ప్రోటీన్ పాత్రను వెలుగులోకి తెచ్చింది.

మోతీనగర్ ఉదాహరణలో బస్తీ దవాఖానాలో కనిపించింది రెండో దశ. మొదటి దశ అంతకు ఎన్నో వారాల ముందే జరిగిపోయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ప్రీఎక్లాంప్సియాను గుర్తించే రక్తపోటు ప్రమాణం ఏది?
2. ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1 తల్లి రక్తనాళాలకు ఎలా హాని చేస్తుంది?

9.3 మైక్రో ఆర్‌ఎన్‌ఏలు

9.3.1 ఆవిష్కరణ

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌ల బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే 'సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్' అనే నులిపురుగును అధ్యయనం చేస్తూ ఒక వింతను గమనించాయి. లిన్-4 అనే జన్యువు ఏ ప్రోటీన్‌నూ తయారుచేయడం లేదు. దాని నుంచి వచ్చేది సుమారు 22 న్యూక్లియోటైడ్‌ల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క మాత్రమే. ఆ ముక్క లిన్-14 అనే మరో జన్యువు ప్రోటీన్ తయారీని అణచివేస్తోంది. ఇది ఆ పురుగుకే పరిమితమని చాలామంది భావించారు. 2000లో రవ్‌కన్ బృందం గుర్తించిన లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ మనిషితో సహా ఎన్నో జంతువులలో ఉందని తేలడంతో అభిప్రాయం మారిపోయింది. ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు 2024లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

9.3.2 తయారీ

మైక్రో ఆర్‌ఎన్‌ఏ తయారీలోని మెట్లను వరసగా గుర్తుంచుకోండి.

(1) కేంద్రకంలో జన్యువు నుంచి పొడవైన ప్రాథమిక రూపం ఏర్పడుతుంది.
(2) డ్రోషా అనే ఎంజైమ్ దానిని తలపిన్ను ఆకారపు ముక్కగా కత్తిరిస్తుంది.
(3) ఎక్స్‌పోర్టిన్-5 ఆ ముక్కను కేంద్రకం నుంచి కణద్రవ్యంలోకి చేరుస్తుంది.
(4) డైసర్ అనే ఎంజైమ్ దానిని మరోసారి కత్తిరించి, సుమారు 22 న్యూక్లియోటైడ్‌ల జంటపోగుగా మారుస్తుంది.
(5) అందులో ఒక పోగు ఆర్గొనాట్ ప్రోటీన్‌తో కలిసి 'రిస్క్' అనే సంక్లిష్టంగా ఏర్పడుతుంది.

9.3.3 పనిచేసే విధానం

మైక్రో ఆర్‌ఎన్‌ఏలో 2వ స్థానం నుంచి సుమారు 8వ స్థానం వరకు ఉన్న న్యూక్లియోటైడ్‌లను 'బీజ భాగం' అంటారు. ఇది సాధారణంగా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చివరన ఉండే అనువాదం కాని భాగంతో జతకూడుతుంది. అప్పుడు ఆ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ విచ్ఛిన్నమవుతుంది, లేదా దాని నుంచి ప్రోటీన్ తయారీ మందగిస్తుంది.

ఫిల్మ్‌నగర్‌లోని ఎడిటింగ్ గదితో దీనిని పోల్చవచ్చు. చిత్రీకరించిన ప్రతి సన్నివేశమూ తెరమీదికి రాదు. ఎడిటర్ కొన్నింటిని పూర్తిగా తీసేస్తాడు, చాలావాటి నిడివి తగ్గిస్తాడు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ చేసే పని కూడా ఎక్కువగా నిడివి తగ్గించడం వంటిదే. ఒక్కొక్క ప్రోటీన్ మీద దాని ప్రభావం స్వల్పమే. కాని ఒకే మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలాది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలను నియంత్రించగలదు. ఒకే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను అనేక మైక్రో ఆర్‌ఎన్‌ఏలు నియంత్రించగలవు. మానవుని ప్రోటీన్ జన్యువులలో సగానికి పైగా వీటి అదుపులో ఉన్నాయని అంచనా.

9.4 జరాయువుకు ప్రత్యేకమైన మైక్రో ఆర్‌ఎన్‌ఏలు

మానవ జరాయువులో కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు గుంపులు గుంపులుగా పనిచేస్తాయి. వాటిలో ముఖ్యమైనది 19వ క్రోమోసోమ్ మీద ఉన్న 'సి19ఎంసి' సమూహం. ఇందులో 46 మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువులు ఉన్నాయి. ఇది మనిషి, కోతి వంటి ప్రైమేట్‌లలోనే కనిపిస్తుంది. ఎలుకల్లో లేదు. 14వ క్రోమోసోమ్ మీద 'సి14ఎంసి' అనే మరో పెద్ద సమూహం ఉంది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. సి19ఎంసి సమూహంలో తండ్రి నుంచి వచ్చిన ప్రతి మాత్రమే పనిచేస్తుంది. తల్లి నుంచి వచ్చినది మౌనంగా ఉంటుంది. సి14ఎంసిలో దీనికి వ్యతిరేకం. తల్లి నుంచి వచ్చిన ప్రతి పనిచేస్తుంది. దీనినే జీనోమిక్ ముద్రణ అంటారు. జరాయువు తల్లి గర్భంలోనే ఉన్నా, అది కేవలం తల్లి అవయవం కాదు. ఫలదీకరణ చెందిన అండం నుంచి ఏర్పడుతుంది కాబట్టి అందులో తండ్రి జన్యువుల పాత్ర సగం ఉంటుంది.

ఈ విషయానికి సామాజిక ప్రాధాన్యం కూడా ఉంది. కాన్పు కష్టమైతే "ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు" అని మన ఇళ్లలో కోడలినే అడుగుతారు. నార్వేలో జనన నమోదుల ఆధారంగా జరిగి, 1998లో ప్రచురితమైన అధ్యయనం వేరే విషయం చెప్పింది. ఒక పురుషుని వల్ల కలిగిన గర్భంలో ప్రీఎక్లాంప్సియా వచ్చి ఉంటే, తరవాత అతని వల్ల మరో స్త్రీకి కలిగే గర్భంలో కూడా ఆ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. దీని అర్థం నింద భార్య మీద నుంచి భర్త మీదికి మార్చాలని కాదు. ఈ వ్యాధిలో ఎవరి తప్పూ వెతకడానికి ఆధారం లేదని గ్రహించాలి. ఉప్పు విషయం కూడా అంతే. ఉప్పు తగ్గించడం ఈ వ్యాధిని నివారిస్తుందని రుజువు కాలేదు. అందువల్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ నివారణ కోసం దానిని సిఫారసు చేయదు.

జరాయువు తన మైక్రో ఆర్‌ఎన్‌ఏలను తల్లి రక్తంలోకి కూడా పంపుతుంది. ఎక్సోసోమ్‌లనే సూక్ష్మ సంచులలోగాని, ప్రోటీన్లకు అంటుకుని గాని ఇవి ప్రయాణిస్తాయి. అందువల్లనే రక్తంలోని ఎంజైమ్‌లకు అవి తొందరగా నశించవు. కాన్పు అయ్యాక ఇవి తల్లి రక్తం నుంచి త్వరగా మాయమవుతాయి. కాబట్టి తల్లి చేతి నుంచి తీసిన కొద్దిపాటి రక్తంలోనే జరాయువు వార్త ఉండవచ్చనే ఆశ ఏర్పడింది.

9.5 ప్రీఎక్లాంప్సియాలో మారే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు

(అ) మిర్-210: దీని మీద ఎక్కువ అధ్యయనాలు జరిగాయి. ప్రీఎక్లాంప్సియా జరాయువుల్లో మిర్-210, మిర్-182 అధికంగా ఉన్నట్లు 2007లోనే ప్రచురితమైంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణంలో హైపాక్సియా ప్రేరిత కారకం చురుకవుతుంది. అది మిర్-210 తయారీని పెంచుతుంది. మిర్-210 రెండు పనులు చేస్తుంది. ఎఫ్రిన్-ఎ3, హాక్స్-ఎ9 అనే లక్ష్యాలను అణచి ట్రోఫోబ్లాస్ట్ కణాల కదలికను మందగింపజేస్తుంది. ఐఎస్‌సీయూ అనే ప్రోటీన్‌ను తగ్గించి మైటోకాండ్రియాల శక్తి ఉత్పత్తిని దెబ్బతీస్తుంది. దీనివల్ల ఒక విషవలయం ఏర్పడే అవకాశాన్ని గమనించండి. ఆక్సిజన్ తగ్గితే మిర్-210 పెరుగుతుంది. అది పెరిగితే కణాలు చొచ్చుకుపోలేవు. ధమనులు ఇరుకుగా ఉండిపోతాయి. ఆక్సిజన్ మరింత తగ్గుతుంది.

(ఆ) మిర్-155: ఇది వాపు ప్రక్రియకు, రోగనిరోధక చర్యలకు సంబంధించినది. ప్రీఎక్లాంప్సియా జరాయువుల్లో పెరిగినట్లు గుర్తించారు. కొత్త రక్తనాళాల ఏర్పాటుకు తోడ్పడే సీవైఆర్-61 ప్రోటీన్‌ను ఇది తగ్గిస్తుంది. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను కూడా అణచివేస్తుంది.

(ఇ) మిర్-517 వర్గం: ఇది సి19ఎంసి సమూహానికి చెందినది. ప్రయోగశాలలో ట్రోఫోబ్లాస్ట్ కణాలలో దీనిని పెంచినప్పుడు చొచ్చుకుపోయే శక్తి తగ్గింది, ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1 విడుదల పెరిగింది. మొదటి దశను రెండో దశతో కలిపే లంకె ఇక్కడ ఉండవచ్చు.

(ఈ) మిర్-126: పై మూడూ పెరిగేవి. ఇది తగ్గేది. రక్తనాళాల లోపొర కణాలలో ఇది సమృద్ధిగా ఉంటుంది. వీఈజీఎఫ్ సంకేతానికి బ్రేకు వేసే ప్రోటీన్లను ఇది అణచి ఉంచుతుంది. అంటే బ్రేకు మీద బ్రేకు. మిర్-126 తగ్గితే ఆ బ్రేకులు బిగుసుకుని, రక్తనాళాల వృద్ధి కుంటుపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. బీజ భాగం అంటే ఏమిటి?
2. సి19ఎంసి, సి14ఎంసిల మధ్య భేదాన్ని తెలపండి.
3. మిర్-210 విషవలయాన్ని పటం రూపంలో గీయండి.

9.6 కారణమా? ఫలితమా?

ఇంతవరకు చదివాక "మైక్రో ఆర్‌ఎన్‌ఏల వల్లనే ప్రీఎక్లాంప్సియా వస్తుంది" అని రాయాలనిపిస్తుంది. పరీక్షలో అలా రాయకండి. కింది అంశాలను ఆలోచించండి.

మొదటిది, జరాయువు కణజాలాన్ని సాధారణంగా కాన్పు తరవాతే సేకరించగలం. వ్యాధి ఎన్నో వారాల కిందట మొదలైతే, చివర్లో తీసిన నమూనాలో కనిపించే మార్పు వ్యాధికి మూలమో, వ్యాధి మిగిల్చిన గుర్తో చెప్పడం కష్టం. ఇల్లు కాలాక కనిపించే బూడిదను చూసి నిప్పు ఎక్కడ రాజుకుందో చెప్పలేం కదా!

రెండోది, పోలిక సమంగా ఉండాలి. ప్రీఎక్లాంప్సియా ఉన్నవారికి 32 లేదా 34 వారాలకే కాన్పు చేయవలసి రావచ్చు. వారి జరాయువును 39 వారాల ఆరోగ్యకరమైన జరాయువుతో పోలిస్తే, కనిపించే తేడాలలో కొన్ని కేవలం వయసు తేడాలే కావచ్చు. నొప్పులు వచ్చి కాన్పు అయిందా, నొప్పులు రాకముందే సిజేరియన్ చేశారా అన్నది కూడా ఫలితాలను మారుస్తుంది.

మూడోది, రక్త నమూనాలోని జాగ్రత్తలు. నమూనా తీసేటప్పుడు ఎర్ర రక్తకణాలు చితికితే వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ప్లాస్మాలో కలిసిపోతాయి. మీలో ల్యాబ్ టెక్నీషియన్లుగా పనిచేస్తున్నవారికి దీని ప్రాముఖ్యం వెంటనే బోధపడుతుంది.

నాలుగోది, ఎలుకల్లో సి19ఎంసి లేదు. కాబట్టి ఆ సమూహం పాత్రను మామూలు ఎలుక నమూనాలో పరీక్షించలేం.

ఈ కారణాల వల్ల వేర్వేరు అధ్యయనాల జాబితాలు ఒకదానితో ఒకటి పూర్తిగా ఏకీభవించవు. మిర్-210 వంటి కొన్ని మాత్రమే పదేపదే కనిపిస్తాయి. కాబట్టి సరైన నిర్ధారణ ఇది: మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఈ వ్యాధి ప్రక్రియలో భాగస్వాములు. అవి ఏకైక కారణమని రుజువు కాలేదు.

9.7 అనువర్తనాలు – రేపు, నేడు

9.7.1 రేపటి ఆశలు

మూడో నెలలోనే తల్లి రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలిచి ముప్పును పసిగట్టడం మొదటి ఆశ. దీనివల్ల లాభం ఏమిటి? ముందుగా తెలిస్తే చేయగలిగినది ఒకటి ఉంది. 2017లో వెలువడిన యాస్‌ప్రే పరీక్షలో ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు 11–14 వారాల నుంచి 36 వారాల వరకు రోజూ రాత్రి 150 మి.గ్రా. ఆస్పిరిన్ ఇచ్చారు. 37 వారాల లోపు కాన్పుకు దారితీసే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. అయితే దీనిని వైద్యుల సలహా మీదనే వాడాలి. కాన్పు దగ్గరపడ్డాక కనుక్కోవడం కంటె 16 వారాల లోపు కనుక్కోవడం ఎందుకు విలువైనదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

రెండో ఆశ చికిత్స. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1ను తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏలను బబూన్ కోతులకు ఇవ్వగా, రక్తపోటు, మూత్రంలో ప్రోటీన్ తగ్గాయి. ఆ ఔషధం పనిచేసింది మీరు 9.3లో చదివిన రిస్క్ సంక్లిష్టం ద్వారానే. దానిని గర్భిణులకు వాడాలంటే తల్లికీ బిడ్డకూ క్షేమమని తేలాలి.

9.7.2 నేడు చేయవలసినది

నేటి వైద్యంలో ప్రీఎక్లాంప్సియాను గుర్తించేది మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కాదు. రక్తపోటు పట్టీ, మూత్ర పరీక్ష మాత్రమే. అనుమానం ఉన్నచోట, సౌకర్యం ఉన్న ఆసుపత్రులలో ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1, పీఎల్‌జీఎఫ్‌ల నిష్పత్తిని కూడా కొలుస్తున్నారు. అది 38 లేదా అంతకంటె తక్కువగా ఉంటే రాబోయే వారంలో వ్యాధి వచ్చే అవకాశం చాలా తక్కువని 2016లో ఒక అధ్యయనం చూపింది.

రక్తపోటును తగ్గించడానికి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వాడతారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. 2002 నాటి మ్యాగ్‌పై పరీక్షలో దీనివల్ల ఎక్లాంప్సియా ముప్పు సగానికి పైగా తగ్గింది. అయినా వ్యాధి తగ్గుముఖం పట్టాలంటే జరాయువు బయటికి రావాలి, అంటే కాన్పు జరగాలి. ఎప్పుడు చేయాలన్నది తల్లి స్థితిని, బిడ్డ ఎదుగుదలను చూసి వైద్యులు నిర్ణయిస్తారు.

మీలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు ఉండవచ్చు. ఇంట్లో గర్భిణి ఉన్నవారూ ఉండవచ్చు. ఈ లక్షణాలను గుర్తుంచుకోండి: తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం లేదా కళ్లముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు అకస్మాత్తుగా ఉబ్బడం, ఆయాసం, మూత్రం తగ్గడం, బిడ్డ కదలికలు తగ్గడం. వీటిలో ఏది కనిపించినా మరుసటి రోజు దాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. కాన్పు అయిపోయిందని నిశ్చింతగా ఉండరాదు. ఆ తరవాత ఆరు వారాల వరకు ఈ వ్యాధి కనిపించవచ్చు. ఒకసారి ఇది వచ్చిన స్త్రీకి మున్ముందు అధిక రక్తపోటు, గుండెజబ్బు ముప్పు ఎక్కువ. అందువల్ల ఏటా ఒకసారైనా రక్తపోటు చూపించుకోవాలి.

9.8 సారాంశం

ప్రీఎక్లాంప్సియా 20 వారాల తరవాత బయటపడినా, దాని మూలం తొలి వారాల్లో జరాయువు ధమనులను సరిగా వెడల్పు చేయలేకపోవడంలో ఉండవచ్చు. సుమారు 22 న్యూక్లియోటైడ్‌ల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ప్రోటీన్ తయారీని తగ్గించి ఈ ప్రక్రియను ప్రభావితం చేస్తాయి. ఈ వ్యాధిలో మిర్-210, మిర్-155, మిర్-517 పెరుగుతాయి, మిర్-126 తగ్గుతుంది. జరాయువులోని ముఖ్యమైన సి19ఎంసి సమూహం తండ్రి ప్రతి నుంచే పనిచేస్తుంది కనుక తల్లిని నిందించడం శాస్త్రవిరుద్ధం. ఈ అణువులు ముందస్తు హెచ్చరికకు తోడ్పడవచ్చు. ప్రస్తుతానికి ప్రాణాలు కాపాడేది క్రమం తప్పని రక్తపోటు, మూత్ర పరీక్షలే.

9.9 ముఖ్య పదాలు

జరాయువు: తల్లికీ పిండానికీ మధ్య పోషకాలను, వాయువులను మార్పిడి చేసే అవయవం, మావి.
ట్రోఫోబ్లాస్ట్: జరాయువును ఏర్పరచే కణం.
రిస్క్: మైక్రో ఆర్‌ఎన్‌ఏ, ఆర్గొనాట్ ప్రోటీన్‌లతో కూడిన సంక్లిష్టం.
జీనోమిక్ ముద్రణ: తల్లి, తండ్రి ప్రతులలో ఒకటి మాత్రమే పనిచేసే స్థితి.
ఎక్సోసోమ్: కణం వెలుపలికి విడుదల చేసే సూక్ష్మ సంచి.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మైక్రో ఆర్‌ఎన్‌ఏల తయారీని, పనిచేసే విధానాన్ని వివరించండి.
2. ప్రీఎక్లాంప్సియాలో నాలుగు మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్రను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రీఎక్లాంప్సియాలోని రెండు దశలు
2. సి19ఎంసి సమూహం
3. జరాయువు నమూనాల పోలికలో ఎదురయ్యే ఇబ్బందులు

III. కృత్యం
మీ కుటుంబంలో గాని, ఇరుగుపొరుగున గాని ఉన్న ఒక గర్భిణి అనుమతితో ఆమె మాతా శిశు రక్షణ కార్డును పరిశీలించండి. రక్తపోటు, మూత్రంలో ప్రోటీన్ అనే గడులు ప్రతి సందర్శనలోనూ నింపారో లేదో చూడండి. ఏదైనా గడి ఖాళీగా ఉంటే, ఈ వారంలోనే ఆ పరీక్షలు చేయించుకోవలసిందిగా ఆమెకు చెప్పండి.